అమ్మానాన్నలతో బెక్స్‌హిల్ నుంచి హేస్టింగ్స్ దాకా: సముద్రం పక్కనే నడిచి వెళ్లడం ఎలా?

ఏటా మే, జూన్ నెలలు వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ అన్నీ అయిపోయాయి. సముద్రం చూపించాలి, కాస్త నడిపించాలి. కానీ మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్లమంటారు?"

నేను చెప్పేది బెక్స్‌హిల్ నుంచి హేస్టింగ్స్ నడక. రెండూ దక్షిణ తీరంలో, ఈస్ట్ ససెక్స్‌లో పక్కపక్కనే ఉన్న ఊళ్లు. రెండింటికీ రైల్వే స్టేషన్లున్నాయి. మధ్యలో దాదాపు ఏడున్నర కిలోమీటర్లు సముద్రం పక్కనే గట్టి దారి. ఒకే ఒక్క చోట చిన్న ఎత్తు ఎక్కాలి. అలసిపోతే మధ్యలో ఆపేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఈ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. ఎంత అందమైన దారైనా, మధ్యలో ఆగిపోయే వీలు లేకపోతే రోజంతా టెన్షనే.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి

తిరుగు ప్రయాణం నడక తర్వాత కాదు, నడకకు ముందే పూర్తి చేసుకోండి. అంటే ముందు హేస్టింగ్స్ చేరుకోండి. అక్కడి నుంచి లోకల్ రైల్లో పది నిమిషాల్లో బెక్స్‌హిల్ వెళ్లండి. బెక్స్‌హిల్ నుంచి నడుచుకుంటూ మళ్లీ హేస్టింగ్స్‌కే రండి. కార్లో వచ్చినా ఇదే పద్ధతి: కారు హేస్టింగ్స్‌లో పెట్టి, రైల్లో బెక్స్‌హిల్ వెళ్లి, కారు దగ్గరికి నడిచి రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కారు బెక్స్‌హిల్‌లో పెట్టి హేస్టింగ్స్ దాకా నడుస్తారు. సాయంత్రం కాళ్లు లాగుతుంటే, చలిగాలిలో ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడతారు. ఆ రైలు గాని రద్దయిందా, అమ్మ ముఖం వైపు చూడలేరు. మొదట్లోనే రైలు ఎక్కేస్తే, అది ఆలస్యమైనా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పడమర నుంచి తూర్పుకు నడవమనడానికి ఇంకో కారణం గాలి. ఈ తీరంలో గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచే వీస్తుంది. బెక్స్‌హిల్ నుంచి బయల్దేరితే గాలి వీపు మీద ఉంటుంది. ఎదురుగాలిలో మూడు గంటలు నడవడం కుర్రాళ్లకే కష్టం. ముందు రోజు రాత్రి వాతావరణం యాప్‌లో గాలి దిశ చూడండి. తూర్పు గాలి అని ఉంటే మొత్తం ప్లాన్ తిరగేసి హేస్టింగ్స్ నుంచి మొదలుపెట్టండి. నైరుతి గాలే అయినా గంటకు 25 మైళ్లు దాటేలా ఉంటే ఆ రోజు మానేయండి. అలాంటి రోజుల్లో అలలు గులకరాళ్లను ఎత్తి నడకదారి మీదికి విసిరేస్తాయి.

ఏమేం కావాలి

గాలి ఆగే జాకెట్ ప్రతి ఒక్కరికీ ఉండాలి, జులై నెలైనా సరే. లండన్‌లో చెమట పట్టే రోజున కూడా ఇక్కడ ఒడ్డున స్వెటర్ వేసుకోవాలనిపిస్తుంది. పెద్దవాళ్లు చెవులకు ఏదైనా కట్టుకోవాలి. ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎవరూ వింతగా చూడరు. గొడుగు తెచ్చుకోకండి, గాలికి విరిగిపోతుంది. వానకు హుడ్ ఉన్న రెయిన్‌కోటే మేలు.

కాళ్లకు షూస్ ఉండాలి. చెప్పులతో దారి మీద నడవొచ్చు గానీ, బీచ్‌లోకి దిగాలంటే కుదరదు. ఇక్కడ బీచ్ అంటే ఇసుక కాదు, గుండ్రటి గులకరాళ్లు. అడుగు వేసిన ప్రతిసారీ పాదం జారుతుంది. అమ్మ చీర కట్టుకుంటే కొంగు నడుముకు దోపుకొని, పైన జాకెట్ జిప్ పెట్టుకోవాలి.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. పులిహోర, దద్దోజనం, చపాతీ ఏదైనా సరే, క్లిప్పులు గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. ఎందుకో కింద చెబుతాను. ఫ్లాస్క్‌లో టీ, ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, షుగర్ ఉన్నవాళ్లకు బిస్కెట్లు, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మందులు కూడా పెట్టుకోండి. దారి మధ్య భాగంలో దుకాణాలు చేతికందే దూరంలో ఉండవు.

రైలు టికెట్ల విషయం. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తుంటే, రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ అనే తగ్గింపు ఉంది. ఏ కార్డూ అక్కర్లేకుండానే మూడో వంతు తగ్గుతుంది. అందరూ మొదటి నుంచి చివరి దాకా కలిసే ప్రయాణించాలి, అంతే. టికెట్ కొనేటప్పుడు ఆ ఆప్షన్ మీరే ఎంచుకోవాలి. అమ్మానాన్నలకు 60 ఏళ్లు దాటి ఉంటే సీనియర్ రైల్‌కార్డ్ కూడా తీసుకోవచ్చు. దానికి ఇక్కడి పౌరసత్వం అక్కర్లేదు, పాస్‌పోర్టు చూపించి స్టేషన్‌లో కొనుక్కోవచ్చు. ఒక్క ట్రిప్పుకైతే లాభం లేదు. మూడు నెలలు ఉండి నాలుగు ఊళ్లు తిరిగేవాళ్లకు డబ్బులు మిగులుతాయి.

ఏ రోజు, ఏ టైమ్

నడకదారి పోటు వచ్చినా మునగదు. మామూలు రోజుల్లో ఆటుపోట్లు చూడకుండానే బయల్దేరొచ్చు. కానీ బీచ్‌లోకి దిగాలనుకుంటే తప్పకుండా చూడాలి. విశాఖలో సముద్రం పొంగి తగ్గే తేడా మనిషి ఎత్తుకు మించదు. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో ఆరేడు మీటర్లు ఉంటుంది, అంటే రెండంతస్తుల ఇల్లంత. ఉదయం ఎంతో దూరంలో కనిపించిన నీళ్లు మధ్యాహ్నానికి గులకరాళ్ల గట్టు దాకా వచ్చేస్తాయి.

ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉందిగా, అది తీయండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు వస్తాయి. ఈ తీరంలో ఆ రోజుల్లో పోటు మధ్యాహ్నం ప్రాంతంలో, ఆటు ఉదయం, సాయంత్రం వేళల్లో వస్తాయి. అష్టమి ప్రాంతంలో దీనికి తలకిందులు: మధ్యాహ్నం నీళ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి, కానీ మరీ దూరం పోవు. పగటిపూట నీళ్ల దగ్గరికి వెళ్లి, కింద బయటపడే ఇసుక మీద కాసేపు నిలబడాలనుకునే కుటుంబానికి అష్టమి రోజులే అనుకూలం. ఇది లెక్క వేసుకోవడానికి మాత్రమే. అసలు టైమ్ హేస్టింగ్స్ టైడ్ టేబుల్‌లో చూడండి.

టైడ్ టేబుల్ చూసేటప్పుడు చాలామంది పొరబడేది ఒకచోటే. కొన్ని టేబుళ్లు గ్రీనిచ్ టైమ్‌లో ఉంటాయి. మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా ఇక్కడి గడియారం గ్రీనిచ్‌కి గంట ముందుంటుంది. అందుకే టేబుల్‌లో ఏ టైమ్ వాడారో పైన రాసి ఉందేమో చూసి, గ్రీనిచ్ అని ఉంటే ఒక గంట కలుపుకోండి.

బెక్స్‌హిల్‌లో పదిన్నర, పదకొండు మధ్య నడక మొదలుపెట్టేలా చూసుకోండి. మన కోస్తాలో సముద్రం తూర్పున ఉంటే ఇక్కడ దక్షిణాన ఉంటుంది. మీరు నడిచేది తూర్పు వైపు. మరీ పొద్దున్నే బయల్దేరితే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. పదకొండు దాటితే కుడి పక్కకు, ఆ తర్వాత వీపు వైపుకు తిరుగుతుంది. డిసెంబర్‌లో అయితే నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి పదింటికల్లా మొదలుపెట్టాలి.

నడక, ఒక్కో అడుగూ

1. లండన్ చారింగ్ క్రాస్ నుంచి హేస్టింగ్స్‌కు నేరుగా రైళ్లున్నాయి. గంటన్నర పైనే పడుతుంది. విక్టోరియా నుంచి కూడా రైలు ఉంది. అది ఈస్ట్‌బోర్న్ మీదుగా తిరిగి, బెక్స్‌హిల్‌లో ఆగి, హేస్టింగ్స్ వస్తుంది. ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. "అయితే విక్టోరియాలో ఎక్కి నేరుగా బెక్స్‌హిల్‌లోనే దిగొచ్చుగా?" అంటారు. దిగొచ్చు. కానీ వెళ్లేది ఒక లైన్‌లో, వచ్చేది ఇంకో లైన్‌లో అయితే రిటర్న్ టికెట్ రెండింటికీ చెల్లుతుందో లేదో చూసుకోవాలి. టికెట్ మీద ఏ దారి అని రాసి ఉంటుంది, అది చదవండి. ఆ తలనొప్పి వద్దనుకుంటే లండన్-హేస్టింగ్స్ రిటర్న్ ఒకటి, హేస్టింగ్స్-బెక్స్‌హిల్ సింగిల్ ఒకటి తీసుకోండి.

2. బెక్స్‌హిల్ స్టేషన్‌లో దిగి సీ రోడ్ పట్టుకుని కిందికి నడవండి. కొద్ది నిమిషాల్లో సముద్రం కనిపిస్తుంది. మీరు వెళ్లాల్సింది ఎడమకు, కానీ ముందు కుడికి తిరగండి. కాస్త దూరంలో డి లా వార్ పెవిలియన్ ఉంది. 1935లో ప్రజల కోసం కట్టిన తెల్లటి కాంక్రీటు భవనం అది, ఎరిక్ మెండెల్‌సన్, సెర్జ్ షెర్మయెఫ్ డిజైన్ చేశారు. లోపల గుండ్రంగా తిరిగే మెట్లున్నాయి, నిలువెత్తు గాజు గోడలోంచి సముద్రం కనిపిస్తూ ఉంటుంది. చూసి తీరాల్సిన మెట్లు. బాత్రూమ్ పని కూడా ఇక్కడే ముగించుకోండి. "ఇప్పుడేం అవసరం లేదు" అనే నాన్నను కూడా పంపండి.

3. ఇప్పుడు వెనక్కి తిరిగి తూర్పు వైపు నడక మొదలుపెట్టండి. సరైన దిక్కుకే వెళ్తున్నారా అని చూసుకోవడం తేలిక: సముద్రం మీ కుడి చేతివైపు ఉండాలి. మొదటి భాగమంతా వెడల్పాటి కాంక్రీటు దారి. బెంచీలున్నాయి, వీల్‌చైర్‌కూ పిల్లల బండికీ ఇబ్బంది లేదు. 1902లో బ్రిటన్‌లో తొలి మోటార్ కార్ల పందెం జరిగింది ఈ ఊళ్లోనే. అప్పుడు కార్లు దూసుకెళ్లిన ఒడ్డున ఇప్పుడు మీరు తీరిగ్గా నడుస్తున్నారు.

4. దాదాపు అరగంటకు గాలీ హిల్ అనే గడ్డి గుట్ట వస్తుంది. దారి మొత్తంలో ఎక్కాల్సింది ఇదొక్కటే. మెల్లగా ఎక్కితే ఐదారు నిమిషాలు. ఇక్కడ రెండు విషయాలు.

మొదటిది హెచ్చరిక. గుట్ట ఎక్కడం ఇష్టం లేక కొందరు కింద బీచ్ మీదుగా చుట్టి వెళ్దామనుకుంటారు. అలా చేయకండి. గుట్ట సముద్రం వైపు నిట్టనిలువుగా తెగి ఉంది, మెత్తటి మట్టి, రాయి విరిగి పడుతుంటాయి. పోటు వస్తుంటే నిలబడే చోటు కూడా ఉండదు.

రెండోది లెక్క. పెవిలియన్ నుంచి గుట్ట మీదికి చేరడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. అరగంట, నలభై నిమిషాల్లో వచ్చారంటే హేస్టింగ్స్ దాకా హాయిగా వెళ్తారు. గంట దాటితే ఇప్పుడే నిర్ణయం మార్చుకుని, సెయింట్ లియోనార్డ్స్‌లో ఆపేద్దామనుకోండి. ఎలాగో ఎనిమిదో అంచెలో చెప్పాను. గుట్ట మీద ఐదు నిమిషాలు కూర్చోండి. వెనక్కి చూస్తే ఆకాశం తేటగా ఉన్న రోజున పడమర అంచున బీచీ హెడ్ సుద్దకొండలు కనిపిస్తాయి.

5. గుట్ట దిగగానే గ్లైన్ గ్యాప్. ఇక్కడి నుంచి ఎడమ పక్కన రైలు పట్టాలు మీతో పాటే వస్తాయి. పట్టాలకు అవతల పెద్ద రోడ్డు, దాని పేరు ఏ259. ఆ రోడ్డు పక్కన రావెన్‌సైడ్ అనే రిటైల్ పార్క్ ఉంది. పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది కాబట్టి నీళ్లు, బాత్రూమ్ కావాలంటే ఇక్కడ లోపలికి వెళ్లి రావచ్చు. పదిహేను నిమిషాలు అదనంగా పడుతుంది. ఇది వదిలేస్తే తర్వాతి అరగంట, ముప్పావుగంట ఏమీ దొరకదు.

ఫోన్‌లో మ్యాప్ చూసి నడిచేవాళ్లు దారి తప్పేది ఇక్కడే. మ్యాప్ ఒక్కోసారి మిమ్మల్ని ఏ259 పక్కకు పంపేస్తుంది. దూరం తక్కువే అయినా మొత్తం లారీల చప్పుడూ పొగా. మ్యాప్‌లో సైకిల్ గుర్తు నొక్కండి, లేదంటే నీలం బోర్డు మీద సైకిల్ బొమ్మ, ఎర్ర గడిలో 2 అని ఉన్న గుర్తులు చూసుకుంటూ వెళ్లండి. అది జాతీయ సైకిల్ రూట్ 2. మీ దారి అదే. కుడివైపు సముద్రం, ఎడమవైపు పట్టాలు, ఈ రెండింటి మధ్యలో ఉన్నారంటే దారి సరైనదే. ఎడమవైపు పట్టాలు లేకుండా బస్సులు వెళ్తున్నాయంటే తప్పారు.

సైకిల్ రూట్ కాబట్టి సైకిళ్లు వస్తాయి. మనవాళ్లు నలుగురూ వరసగా దారి నిండా నడుస్తూ కబుర్లలో పడతారు. గాలి హోరులో వెనక నుంచి గంట వినిపించదు. ఇద్దరిద్దరుగా ఒక పక్కకు నడవండి, పెద్దవాళ్లను సముద్రం వైపు ఉంచండి.

6. తర్వాత వచ్చేది బుల్వర్‌హైత్. పేరు నోరు తిరగకపోయినా పర్వాలేదు, ఈ చోటును మాత్రం ఊరికే దాటెయ్యకండి.

ఈ ఒడ్డున, ఇసుకలో, 'ఆమ్‌స్టర్‌డామ్' అనే డచ్ ఓడ కూరుకుపోయి ఉంది. 1749 జనవరిలో, తొలి ప్రయాణంలోనే, ఇప్పటి జకార్తాకు వెళ్తూ తుఫానులో చుక్కాని పోగొట్టుకుంది. ఓడలో అప్పటికే జబ్బులతో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లు తిరగబడ్డారు. చివరికి ఓడ ఇక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చి, మెత్తటి ఇసుకలోకి దిగబడిపోయింది. బయటికి తీయలేకపోయారు. దిగబడిపోవడం వల్లే అడుగు భాగమంతా చెక్కుచెదరకుండా మిగిలింది. దీని యజమాని డచ్ ఈస్టిండియా కంపెనీ. మచిలీపట్నంలో కోఠీ పెట్టి మన కలంకారీ, అద్దకం బట్టలు కొని ఓడలకెక్కించింది ఆ కంపెనీయే. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లకు ఈ ఓడ గురించి వేరే చెప్పాల్సిన పనిలేదు. కృష్ణా జిల్లా నుంచో విశాఖ నుంచో వచ్చిన పెద్దవాళ్లకు ఇక్కడ ఆగి ఈ సంగతి చెప్పండి. సముద్రం వైపు చూసే చూపే మారిపోతుంది.

ఓడ కనిపిస్తుందా అంటే, బాగా పెద్ద ఆటు ఉన్న రోజున, నీళ్లు పూర్తిగా వెనక్కి వెళ్లిన ఆ కాసేపే. అప్పుడు నల్లటి చెక్కల అంచులు ఓడ ఆకారంలో ఇసుక మీద తేలి కనిపిస్తాయి. ముందు చెప్పినట్టు అలాంటి ఆటు ఉదయమో సాయంత్రమో వస్తుంది కాబట్టి మధ్యాహ్నం నడిచేవాళ్లకు దాదాపుగా కనిపించదు. దానికోసమే వెళ్లాలనుకుంటే వేరే రోజు, పెద్దవాళ్లు లేకుండా వెళ్లండి. దగ్గరికి మాత్రం పోవద్దు. చుట్టూ ఇసుక మెత్తగా ఉంటుంది, కాలు దిగబడుతుంది. చట్టం రక్షణలో ఉన్న ఓడ కాబట్టి దాన్ని పాడుచేయడం, చెక్క ముక్క తీసుకోవడం నేరం.

7. బీచ్‌లోకి దిగాలనుకుంటే ఇంకో జాగ్రత్త. ఒడ్డు పొడవునా సముద్రంలోకి చొచ్చుకెళ్లిన అడ్డగోడలుంటాయి. అలలు గులకరాళ్లను పడమర నుంచి తూర్పుకు నెడుతుంటే, వాటిని ఆపడానికి కట్టినవి. అందువల్ల గోడకు పడమర పక్కన రాళ్లు పైదాకా పేరుకుంటాయి, తూర్పు పక్కన పల్లంగా ఉండిపోతుంది. మీరు వెళ్లేది పడమర నుంచి తూర్పుకే కదా, గోడ దాకా చదునుగానే అనిపిస్తుంది. దాటి కాలు పెడితే ఒక్కోసారి నడుము లోతు కిందికి దిగిపోతుంది. కాబట్టి బీచ్ మీద గోడలు దాటుకుంటూ నడవకండి. ఒకచోట దిగి, కాసేపు కూర్చుని, దిగినచోటే పైకి వచ్చేయండి.

8. కొంతసేపటికి పట్టాలు ఎడమకు తిరిగి ఊళ్లోకి వెళ్లిపోతాయి, పెద్ద రోడ్డు సముద్రం పక్కకు వస్తుంది. వెస్ట్ సెయింట్ లియోనార్డ్స్ చేరినట్టు. ఇక చివరిదాకా మళ్లీ వెడల్పాటి దారి, బెంచీలు, టీ కొట్లు. ఎదురుగా దూరంలో తెల్లటి పొడవాటి మేడ కనిపిస్తుంది, అది మెరైన్ కోర్ట్. 1938లో పూర్తయింది, పెద్ద ప్రయాణికుల ఓడలా కనిపించాలని కట్టారు.

అలసిపోయినవాళ్లకు ఆగే చోటు ఇదే. మెరైన్ కోర్ట్ దాటగానే ఎడమకు తిరిగి వారియర్ స్క్వేర్ పార్కు మీదుగా పైకి వెళ్తే పది నిమిషాల్లో సెయింట్ లియోనార్డ్స్ వారియర్ స్క్వేర్ స్టేషన్. హేస్టింగ్స్‌కూ, బెక్స్‌హిల్‌కూ, లండన్‌కూ రైళ్లు ఇక్కడ ఆగుతాయి. దీనికంటే ముందే వెస్ట్ సెయింట్ లియోనార్డ్స్ అనే ఇంకో స్టేషన్ ఉంది. అది లండన్ చారింగ్ క్రాస్ లైన్ మీద మాత్రమే ఉంది, బెక్స్‌హిల్ వైపు రైళ్లు అక్కడ ఆగవు. కారు బెక్స్‌హిల్‌లో పెట్టినవాళ్లు ఈ రెండు పేర్లూ కలిపేసుకుని తప్పు స్టేషన్‌కు వెళ్లి నిలబడుతుంటారు. ఏ259 మీద బెక్స్‌హిల్, హేస్టింగ్స్ మధ్య బస్సులూ తిరుగుతాయి.

9. వారియర్ స్క్వేర్ నుంచి హేస్టింగ్స్ పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెన లాంటి వేదిక) దాకా దారి రెండంతస్తులుగా ఉంటుంది. ఎండగా ఉంటే పై దారి, గాలి కొడుతుంటే కింది దారి. నా మాట వింటే ఏ వాతావరణమైనా కిందికే దిగండి. దాని పేరు బాటిల్ ఆలీ. 1930లలో ఈ ఊరి ఇంజనీర్ సిడ్నీ లిటిల్ కట్టించాడు. సముద్రం వైపు స్తంభాల వరస, లోపలి వైపు గోడ. గోడ దగ్గరికి వెళ్లి చూడండి: కాంక్రీటు పలకల్లో పగిలిన సీసాల గాజు ముక్కలు, ఆకుపచ్చవి, గోధుమరంగువి, నీలివి, వేలిగోరంత చిన్నవి, వేలకొద్దీ పొదిగి ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కో ముక్క విడిగా మెరుస్తుంది. పెద్ద అలలున్న రోజు మాత్రం నీళ్లు లోపలికి కొట్టొచ్చు, అప్పుడు పైనుంచే వెళ్లాలి.

10. ఎదురుగా పియర్. 1872లో మొదలైంది, 2010లో మంటల్లో చాలా భాగం కాలిపోయింది, మళ్లీ కట్టి 2016లో తెరిచారు. ఆ కొత్త డిజైన్‌కు 2017లో బ్రిటన్ వాస్తుశిల్పుల పెద్ద బహుమతి స్టిర్లింగ్ ప్రైజ్ వచ్చింది. లోపలికి వెళ్లనిస్తున్నారో లేదో ఆ రోజు చూసుకోండి. మీ నడక లెక్క ఇక్కడితో పూర్తయినట్టే. ఇక్కడి నుంచి స్టేషన్‌కు పావుగంట.

టీవీ ముందు నుంచి లేవని నాన్న మీతో ఉంటే ఈ మాట చెప్పండి. టెలివిజన్ కోసం జాన్ లోగీ బెయిర్డ్ తొలి ప్రయోగాలు చేసింది 1923లో ఈ హేస్టింగ్స్‌లోనే. ఆయన 1946లో కన్నుమూసింది పొద్దున మీరు రైలు దిగిన బెక్స్‌హిల్‌లో.

11. ఓపిక ఉంటే ఇంకో రెండు కిలోమీటర్లు నడిచి ఓల్డ్ టౌన్‌కు వెళ్లండి. అక్కడి చేపల రేవు పేరు స్టేడ్. అక్కడ హార్బర్ లేదు, పడవలను నేరుగా గులకరాళ్ల మీదికి లాగుతారు. మన కోస్తాలో చూసే పనే, ఇక్కడ ట్రాక్టర్లతో, బుల్‌డోజర్లతో చేస్తారు. పక్కనే సన్నగా, ఎత్తుగా నల్ల చెక్క గదులు వరసగా నిలబడి ఉంటాయి. వలలు, తాళ్లు దాచుకోవడానికి కట్టుకున్నవి. రేవులో స్థలం తక్కువ కాబట్టి పక్కకు కాకుండా పైకి కట్టారు. మత్స్యకారుల మ్యూజియం కూడా ఇక్కడే, ఒకప్పటి చిన్న చర్చిలో ఉంది.

తిండి దగ్గర రెండు జాగ్రత్తలు

సీగల్స్‌ని తేలిగ్గా తీసుకోకండి. బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీస్తే వెనక నుంచి వచ్చి చేతిలోది ఎత్తుకుపోతాయి. వీపు గోడకు ఆనించి కూర్చోండి, కావాల్సినంత ప్లేట్‌లో పెట్టుకుని వెంటనే మూత పెట్టేయండి. పిల్లల చేతికి చిప్స్ పొట్లం ఇచ్చి నడవనివ్వకండి. జాలిపడి ఒక్క మెతుకు విసిరినా పది పక్షులు దిగుతాయి.

రెండోది చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో కొన్ని ఫిష్ అండ్ చిప్స్ కొట్లు చిప్స్‌ను ఆవు కొవ్వులో వేయిస్తాయి. "బంగాళాదుంపే కదా" అని తినేస్తే తర్వాత తెలిసి పెద్దవాళ్లు బాధపడతారు. కొనే ముందు "వెజిటబుల్ ఆయిలా, బీఫ్ డ్రిప్పింగా?" అని అడగండి. వాళ్లకు అలవాటైన ప్రశ్నే, మొహమాటపడక్కర్లేదు. శాకాహారులైతే వెజిటబుల్ ఆయిలే అయినా, చేపలు వేయించిన మూకుడులోనే వేయిస్తారా అని కూడా అడగాలి.

ఇంకా చిన్నదిగా కావాలంటే

ఏడున్నర కిలోమీటర్లు ఎక్కువనిపిస్తే వారియర్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి, కిందికి వచ్చి, బాటిల్ ఆలీ మీదుగా పియర్ దాకా, అక్కడి నుంచి ఓల్డ్ టౌన్ దాకా నడవండి. దాదాపు మూడు కిలోమీటర్లు, కిందికి దిగాక అంతా చదును. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను ఇదే చెబుతాను. బాటిల్ ఆలీ లోపలికి ఎక్కడ ర్యాంప్ ఉందో వెతుక్కునే పని లేకుండా పై దారిలోనే వెళ్లండి.

ఇక్కడ మాత్రం ఆగిపోండి

ఓల్డ్ టౌన్ చివర రాక్-ఎ-నోర్ అనే చోటుంది. పక్కనే నిలువుగా లేచిన కొండ. "ఇంకాస్త ముందుకు వెళ్దాం" అనిపించే చోటు అదే. వెళ్లొద్దు. ఆ కొండ తరచూ విరిగి పెద్ద పెద్ద బండలు కింద బీచ్ మీద పడతాయి. పోటు వస్తే వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. పైన ఫెయిర్‌లైట్ వైపు వెళ్లే దారి కూడా లోయల్లోకి దిగి ఎక్కేది, ఈ నడకతో దానికి పోలికే లేదు. ఎత్తు నుంచి చూడాలనిపిస్తే ఈస్ట్ హిల్ లిఫ్ట్ నడుస్తోందేమో కనుక్కోండి. పట్టాల మీద తాడుతో లాగే పెట్టె అది, కొండ మీదికి తీసుకెళ్తుంది. సముద్రంలోనో కొండ కిందో ఎవరైనా చిక్కుకున్నట్టు కనిపిస్తే మీరు దిగకండి. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.

ఓల్డ్ టౌన్ నుంచి హేస్టింగ్స్ స్టేషన్‌కు పాతిక నిమిషాలు పడుతుంది, పెద్దవాళ్లతో అయితే నలభై. టీ ఆర్డర్ ఇచ్చేటప్పుడే లండన్ రైలు టైమ్ చూసి, లేవాల్సిన టైమ్‌కు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులుంటే రైలు బదులు బస్సులు వేస్తారు. అది బయల్దేరే ముందు రోజే నేషనల్ రైల్ సైట్‌లో తెలిసిపోతుంది. అలా ఉంటే నడకను శనివారానికి మార్చుకోండి.